దిస్ కంటిన్యూడ్

ముందు నా సంగతి చెప్పాలి. నేను కోతలు కోస్తాను. గుడివాడ ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లు మైకు పట్టుకుని మిమిక్రీ చేసినవాణ్ణి. ఎదురుగా వందమంది కూర్చుంటే "ఈ జనసముద్రానికి నా నమస్కారం" అని మొదలుపెట్టిన నోరిది. కాబట్టి ఇందులో ఏ అంకె కనబడినా సగానికి కోసుకోండి. రక్తం కనబడితే మాత్రం కోసుకోవద్దు. అది కారినంతే రాశాను.

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. స్టేజీ మీద దెయ్యం గొంతు తీసేవాణ్ణి నేనే. తన సరుకు చూసి తనే జడుసుకునే కొట్టువాడు ఎక్కడైనా ఉంటాడా? అయినా దివిసీమలో ఆ మధ్యాహ్నం నేను విన్నదానికి ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

తొంభైల మొదట్లో మా ఆర్కెస్ట్రా పార్టీలో కీబోర్డు వాయించేది పాండు బావ. బందరు పక్కన చిలకలపూడి మనిషి. నాకు చుట్టం కాదు, అందరికీ బావే. అతని దగ్గర జపాన్‌వాళ్ల పాత సింథసైజర్ ఒకటుండేది. మద్రాసులో ఏదో రికార్డింగ్ స్టూడియో వదిలించుకుంటుంటే తెచ్చుకున్నాడు. రెండు పక్కలా చెక్క, నెత్తిన నలభై గుండ్రటి మీటలు, బరువు నిండు ధాన్యం బస్తా. సరే, అరబస్తా.

అది ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు మెట్లు కలిపి నొక్కితే ఒకటి నోరు మూసుకునేది. కానీ ఆ ఒక్క స్వరం ఇంకో స్వరంలోకి జారడం చూడాలి! గేదె కాలవలోకి దిగినట్టు, ఒడ్డెక్కడయిందో నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. పాము పాటకి అలాంటి జారుడు ఇంకే కీబోర్డుకీ లేదు. కొత్తగా వచ్చినవన్నీ మెట్లు దిగినట్టు టకటకా దూకేవి.

తన్నులు తింటే తప్ప అది పలికేది కాదు. ప్రోగ్రాం మొదలవగానే బావ దాని డొక్కలో రెండు గుద్దులు గుద్దేవాడు. అదీ ఊరుకునేది కాదు, షాకు కొట్టేది. బావ దాన్ని రెండర్థాల్లోనూ వాయించేవాడు, అది బావని ఒక అర్థంలో వాయించేది.

ఒకసారి గుడివాడలో పెళ్లి రిసెప్షన్ మధ్యలో అది మూగబోయింది. మా లీడరు భద్రం గారు బావని తెర వెనక్కి లాక్కెళ్లి చెంప మీద కొట్టారు. ఆ చప్పుడుకి ముందు వరసలోవాళ్లు డోలక్ అనుకుని చప్పట్లు కొట్టారు.

"పాండూ, ఇంకోసారి ఇది నోరు మూసిందంటే దీన్నీ నిన్నూ కలిపి బుడమేట్లో పారేసి ఇంకోణ్ణి పెట్టుకుంటా. కొత్త కీబోర్డు తెచ్చుకో!"

"తెచ్చుకుంటే జారదండీ," అన్నాడు బావ చెంప పట్టుకుని. "ఇది లేకపోతే నాకున్నవి ఒట్టి వేళ్లండి."

బందరులో రేడియో మెకానిక్ ఒకాయన దాన్ని విప్పి, లోపల చిప్పు ఒకటి కాలిందని తేల్చి, ఆ చిప్పు పంపమని జపాన్ కంపెనీకి ఉత్తరం రాసిపెట్టాడు. అప్పటిదాకా పని నడవడానికి ఏదో తీగ కలిపి అతుకు వేశాడు. "పాము పాట జోలికి మాత్రం పోకండి పాండు గారూ, అంత జారుడు ఈ అతుకు మొయ్యదు" అని మరీ మరీ చెప్పాడు.

మూడు నెలలకి జవాబు బావ ఇంటికొచ్చింది. ఇంగ్లీషులో ఉందని బావ దాన్ని జేబులో పెట్టుకుని గుడివాడ బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. మా పార్టీలో ఇంగ్లీషు పండితుణ్ణి నేనే. పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు రాశాను, ఎవరికైనా అంత అనుభవం ఉంటుందా?

"ఏమంటున్నార్రా మైకూ?" అన్నాడు. నన్ను అలాగే పిలిచేవాడు.

కాగితం మీద నాలుగే వరసలున్నాయి. మధ్యలో ఒక పొడుగు మాట. దాన్ని నేను విడగొట్టి గట్టిగా చదివాను. "దిస్... కంటిన్యూడ్."

"అంటే?"

"ఇది కొనసాగుతోంది అని, బావా. చేస్తూనే ఉన్నారంట. నీ చిప్పు వెనకాలే వస్తుంది."

బావ మొహం చూడాలి ఆ క్షణాన. నన్ను పట్టుకుని వీపు మీద ఎంత గట్టిగా చరిచాడంటే వారం రోజులు బోర్లా పడుకున్నాను. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సింథసైజర్ అడుగున టేపుతో అంటించుకున్నాడు. "కంపెనీవాళ్లే నిలబడ్డారండీ నా వెనక!" అని భద్రం గారితో కూడా అన్నాడు. కొత్త కీబోర్డు ఊసెత్తలేదు. చిప్పు కోసం ఎదురు చూశాడు.

చిప్పు రాలేదు. దివిసీమ ప్రోగ్రాం వచ్చింది.

మోపిదేవి దాటాక ఒక ఊరు. పేరు చెప్పను, ఆ కర్రలు ఇంకా అక్కడే ఉంటాయి. మధ్యాహ్నం మూడు గంటలు, ట్రాక్టరు ట్రక్కు మీద స్టేజీ, ఎదురుగా పదివేల మంది. అయిదువందలు అనుకోండి. అది సుబ్రహ్మణ్యస్వామి నీడలో ఉన్న ఊరు, పాము పాట లేకుండా స్టేజీ దిగనివ్వరు. బావ కాసేపు దాటవేశాడు. భద్రం గారు పక్కకొచ్చి ఒక్క మాటన్నారు. "వాయిస్తావా, దిగిపోతావా?"

బావ వాయించాడు. జనంలోంచి వెంకన్న అనే ఆరడుగుల మనిషికి పూనకం వచ్చి నేల మీద పాకాడు. ఆ వైపు ఆచారం ఏమిటంటే, పాము లేచిందంటే పాటని మెల్లగా కిందికి తెచ్చి దాన్ని దించాలి. పైన వదిలేయకూడదు. బావ అన్నిటికన్నా పై స్వరానికి జారాడు. అది అక్కడ ఇరుక్కుపోయింది.

మెట్టు మీంచి వేలు తీశాడు. ఆగలేదు. గుద్దాడు. ఆగలేదు. కింద వెంకన్న దిగలేక నుదురు నేలకేసి కొట్టుకుంటున్నాడు. నుదురు చిట్లి కళ్లలోకి రక్తం కారుతోంది.

"ఆపండెహె! మా అన్న చచ్చిపోతాడు!" అని వెంకన్న తమ్ముడు అరిచాడు.

"ఆగట్లేదండీ!" అన్నాడు బావ.

"ఆగకపోవడమేంట్రా? మాతో పరాచికాలా?"

పందిరి సరుగుడు కర్రలు ఊడొచ్చాయి. మొదటి దెబ్బకి డోలక్ అతని బుజం వాలిపోయింది. భద్రం గారి పన్ను ఎగిరొచ్చి నా చొక్కా జేబులో పడింది. (చొక్కా మీద పడింది. జేబు లేదు.) బావ సింథసైజర్ మీద బోర్లా పడి రెండు చేతులతో కావలించుకున్నాడు. దాని మీద పడాల్సిన కర్ర అతని కుడి చేతి మీద పడింది. ఎండు కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. రెండోది పడింది. మూడోది పడింది. బావని కాలు పట్టి లాగేసి, వాళ్లు దాన్ని రోకళ్లతో దంచినట్టు దంచారు. అది రెండు ముక్కలైంది. మీటలు గోళీల్లా దొర్లాయి.

స్వరం ఆగలేదు.

ఇక్కడ నా కోతలు లేవు. ఆ యంత్రానికి సొంత స్పీకరు ఉండదు. తీగ వెళ్లి ఆంప్లిఫయర్‌కి తగిలితేనే అది వినబడుతుంది. తీగ ఊడి నా కాళ్లకి చుట్టుకుని ఉంది. జనరేటర్ అతను మొదటి దెబ్బకే జనరేటర్ ఆపేసి, దాని హ్యాండిల్ పట్టుకుని స్టేజీ పక్కన నిలబడ్డాడు. కొట్టినవాళ్లకీ వినబడింది. ముందు కర్రలు వదిలారు, తరవాత చెప్పులు వదిలారు, పరుగెత్తారు. మా డోలక్ అతన్ని ఇప్పుడడిగినా బుజం పట్టుకుని ఇదే చెబుతాడు.

బావ మెట్లున్న సగం ముక్క దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, వేళ్లు వేలాడుతున్న చేతిని దాని మీద పెట్టాడు. కొంతసేపటికి స్వరం ఆగింది. అవతల వెంకన్న ఒక్క నిట్టూర్పు విడిచి, తెలివి తప్పి వాలిపోయాడు. బతికాడు.

బావ కూడా బతికాడు. కుడి చేతి మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. కీబోర్డు ఏదీ మళ్లీ ముట్టుకోలేదు.

ఇక నేను కల్పించింది చెప్పాలి. దెయ్యం సంగతి కాదు, అది జరిగింది. కల్పించింది ఉత్తరం దగ్గర. చదవడం రాక నేను తప్పు చదవలేదు. మూడుసార్లు పరీక్ష రాసినవాడికి "డిస్‌కంటిన్యూడ్" అన్న ఒక్క మాట తెలియకపోవడమేమిటి? తయారీ ఆపేశాం, విడిభాగాలు కూడా లేవు అని ఆ నాలుగు వరసల్లో స్పష్టంగా ఉంది. ఎదురుగా బావ మొహం చూశాను. నాకు అలవాటైన పని చేశాను.

స్వరం కూడా దానంతటది ఆగలేదు. బావ పక్కన కూలబడి, అతని చెవి దగ్గర నోరు పెట్టి, "వాళ్లు దీన్ని ఆపేశారు బావా. ఆ రోజే తెలుసు నాకు" అన్నాను. మైకు లేకుండా, కోత లేకుండా నేను చెప్పిన మొదటి మాట అదేనేమో.

బావ నా వైపు తిరగలేదు. "అప్పుడే చెబితే ఆపేవాణ్ణి కదరా," అన్నాడు.

అప్పుడు ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు.