అమ్మను ఇంటికి పంపని డాక్టరమ్మ

నా చిన్నప్పుడు ఒకసారి మా అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. గద్వాలలో మాది నేతపని చేసుకునే ఇల్లు. అమ్మా నాన్నా పొద్దంతా మగ్గం దగ్గరే ఉండేవాళ్లు. దవాఖానలో అమ్మకు తోడుగా మా మేనత్త ఉంది, అత్త కొంగు పట్టుకుని నేనున్నాను.

మా అత్తకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలవాడు పాలు పోస్తే చెంబులో వేలు ముంచి చూసేది. దవాఖానలో నర్సు సూది వేయబోతే ముందు ఆ మందు సీసా చూపించమనేది. నర్సులు ఆమెను చూస్తేనే పక్కకు తప్పుకునేవాళ్లు.

అమ్మ పక్క మంచం మీద ధరూర్ నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకే రోజు ఆపరేషన్, డాక్టర్లే వేరు. జ్వరం లేదు, తింటోంది, నడుస్తోంది అని ఆమెను వాళ్ల డాక్టరు ఇంటికి పంపేశాడు. మా అమ్మ కూడా తింటోంది, నడుస్తోంది. మా డాక్టరమ్మ మాత్రం రోజూ వచ్చి చూసి, ఇంకా ఉండాలని చెప్పి వెళ్లిపోయేది.

కోతలో ఏదో పొరపాటు చేసి దాస్తున్నారని అత్త నాన్నతో గుసగుసలాడింది. లేదంటే మనకు చెప్పని పెద్ద జబ్బేదో ఉండి ఉంటుందంది. అది నా చెవిన పడింది. అప్పటినుంచి అమ్మ నిద్రపోతుంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. అమ్మేమో ఇంటి మాటే ఎత్తకుండా, ఎప్పుడూ లేనంత హాయిగా పడుకునేది. అదీ నాకు అనుమానంగానే ఉండేది.

చివరికి అత్త డాక్టరమ్మకు అడ్డం నిలబడింది. పక్కామెను పంపి మా మనిషిని ఎందుకు పంపరు, ఏం దాస్తున్నారు అని నిలదీసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఇంటికి పోయాక ఈమె ఏం చేస్తుందని అడిగింది.

"ఏం చేస్తది డాక్టరమ్మా, తెల్లారి మగ్గంల కూసుంటది. కొత్త చీరకు పడుగు దారాలు ఎక్కించి పెట్టినం, ఈమె కోసమే ఆగింది."

అప్పుడు డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పక్కామె తల్లిగారింటికి పోయింది, అక్కడ ఆమెను పనికి లేపేవాళ్లు లేరు. మా వీధివాళ్లను ఇదివరకు తొందరగా పంపితే, మగ్గం కింది గుంటలో కాళ్లు దింపి పలకలు తొక్కి, కుట్లు విడిచి మళ్లీ వచ్చారట. "మీకు నా మీద అనుమానం, నాకు మీ ఇంటి మీద అనుమానం" అంది.

అందరినీ అనుమానించే మా అత్తను తిరిగి అనుమానించినవాళ్లు అంతవరకు లేరు.  అమ్మ కళ్లు పైకప్పు మీద పెట్టి మెల్లగా అంది: "నేనే అడిగిన వదినా, ఇంకొన్ని దినాలు ఉంచుకోమని."

అత్త మంచం అంచున కూర్చుని అమ్మ దుప్పటి సర్దింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు ఏమీ కాదన్న సంతోషం ఒకపక్క, మా ఇంటికంటే ఆమెకు దవాఖాన మంచమే నయమనిపించిందన్న బాధ ఇంకోపక్క.

ఇప్పుడు మావాళ్లెవరైనా ఆసుపత్రిలో ఉంటే, ఫలానాచోట తొందరగా పంపారు, ఇక్కడెందుకు పంపరు అని పిల్లలు గొణుగుతారు. నాకూ అనుమానం వస్తుంది, అత్త పోలిక ఎక్కడికి పోతుంది. దేని కోసం ఆగారని డాక్టరును అడగకుండా ఊరుకోను. అయితే అంతకంటే ముందు అందరినీ బయటికి పంపి, మంచం మీది మనిషిని ఇంటికి రావాలని ఉందా అని అడుగుతాను. మొన్న ఆసుపత్రిలో ఉన్న మా కోడలిని అలా అడిగితే మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరు సంగతి తర్వాత చూద్దామని, ముందు మా అబ్బాయిని పిలిచి కూర్చోబెట్టి, ఇంటికి పోయాక ఈమె ఏం చేస్తుందని అడిగాను.