సర్వీసులో ఉండగానే

మా ఇంట్లో చావుల గురించి అన్నం తింటూ మాట్లాడుకునేవాళ్ళం. తప్పు అనిపించేది కాదు. నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. రిటైరయ్యేవాళ్ళ పెన్షన్ కాగితాలు తయారుచేయడం ఆయన పని. ముందుగానే వాలంటరీ రిటైర్మెంట్ పెట్టుకుని ఇంట్లో కూర్చోవడం మంచిదా, చివరిదాకా ఉండటం మంచిదా అని ఆఫీసంతా ఆయన్నే అడిగేది. సాయంత్రం వచ్చి, పప్పు కలుపుకుంటూ, ఆ రోజు సంగతులు చెప్పేవాడు.

"మా డ్రైవర్ పోయిండు పాపం. ఇంక మూడు నెలలైతే రిటైర్ అవుతుండె. కొడుక్కు నౌకరి పక్కా."

"నయమే, సర్వీసుల ఉండంగనే పోయిండు," అనేది అమ్మ, ఆయనకు నెయ్యి వేస్తూ.

ఉద్యోగంలో ఉండగా పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. రిటైరైన మర్నాడు పోతే భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, అంతే. ఈ తేడా నాకు ఎక్కాల కంటే ముందే నోటికి వచ్చింది. అందులో ఉన్న ఘోరం మాత్రం నాన్నకు జబ్బు చేసేదాకా నా బుర్రకు తట్టలేదు.

ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అప్పుడు మేం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. వారానికి రెండుసార్లు పొద్దున్నే ఎల్‌బీ నగర్ దవాఖానకు పోయి డయాలిసిస్ చేయించుకుని, అటునుంచి అటే ఆఫీసుకు పోయేవాడు. రెండేళ్ళపాటు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్కన పడేస్తారని భయం. అందరికీ దారి చూపించే మనిషి తన విషయానికి వచ్చేసరికి చేసిన పెద్ద తప్పు ఇదే. ఆరోగ్యం బాగాలేదని మెడికల్ బోర్డు రాసిస్తే, బతికుండగానే దిగిపోయి పిల్లలకు ఉద్యోగం ఇప్పించుకునే దారి ఒకటుంది. కానీ దానికి ఐదేళ్ళ సర్వీసు మిగిలి ఉండాలి. నాన్న నోరు విప్పేనాటికి మూడేళ్ళకు కాస్త ఎక్కువ మిగిలింది. ఆ దారి మూసుకుపోయిందని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక మిగిలినవి రెండు. వాలంటరీ పెట్టి ఇంట్లో విశ్రాంతి తీసుకోవడం. లేదా అలాగే ఈడ్చుకుంటూ పోవడం.

అమ్మ మొదటిదే పట్టుకుంది. "ఇంట్ల కూసోరాదయ్యా. పెన్షన్ వస్తది. ఇంత గంజి తాగి పండుదాం."

"చూద్దాం తీయ్," అనేవాడు నాన్న. మా ఇంట్లో ఆ మాటకు కుదరదని అర్థం.

నేను ఒక్కగానొక్క కూతుర్ని. డిగ్రీ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు పోతున్నాను. మెట్లమీద కూడా మనుషులు నిండిపోయే కోచింగ్ సెంటర్ అది. అందరం నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్ళమే. తెలంగాణ ఉద్యమం నడుస్తోంది. రాష్ట్రం వచ్చాకే పరీక్షలు పెట్టాలని మేమే ర్యాలీలు తీశాం. నేనూ గొంతు పోయేలా అరిచాను. ఇంటికొచ్చి నాన్న వాచిన పాదాలు చూసినప్పుడు మాత్రం, ఆ పరీక్షేదో రేపే పెట్టి పారేస్తే బాగుండు అనిపించేది. ఈ రెండూ నేనే. దేన్నీ కాదనలేను.

సకల జనుల సమ్మె మొదలయ్యాక నాన్న మొహం విచ్చుకుంది. ఆఫీసులు మూతపడ్డాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఉద్యోగుల టెంట్ వేశారు. జేబుకు బ్యాడ్జి పెట్టుకుని పోయి కూర్చునేవాడు. బస్సులు లేని రోజుల్లో టెంట్‌లో వాళ్ళే ఆయన్ని బండిమీద దవాఖానకు తీసుకుపోయి మళ్ళీ తెచ్చి దింపేవాళ్ళు. ఎవరూ పని చేయని రోజుల్లో తను పని చేయలేకపోతున్నాడన్న సంగతి ఎవరికీ కనపడదు. నాన్న అంత సంతోషంగా ఉండటం ఆ జబ్బు కాలంలో నేను అప్పుడే చూశాను.

నాన్న ఆఫీసు సూపరింటెండెంటుది కృష్ణా జిల్లా. ఆయన సమ్మెలో లేడు. పోలీసుల మధ్య వెనక గేటులోంచి ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వచ్చేవాడు. పగలు నాన్న ఆయనకు వ్యతిరేకంగా నినాదాలిచ్చేవాడు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ స్నేహం. ఒకరోజు సాయంత్రం బత్తాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏం సార్, దొడ్డిదారిన వస్తలేరా ఈడికి?" అన్నాడు నాన్న.

"మీ ఇంటికి వెనక గేటు లేదు కాబట్టి బతికిపోయాను," అని ఆయన నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చెల్లెమ్మ వాలంటరీ పెట్టమంటోందట. మీకు చెప్పేంతవాణ్ణి కాదు. కానీ పెట్టకండి బావగారూ. జరగరానిది ఏమైనా జరిగితే, సర్వీసులో ఉంటే, అమ్మాయికి మన ఆఫీసులోనే సీటు దొరుకుతుంది. పెట్టేశారంటే ఆ కాస్త ఆశా పోతుంది."

"నాకు తెల్వదా సార్," అన్నాడు నాన్న. "గందుకే ఆగిన."

నేను వంటింట్లో చాయ్ పోస్తున్నాను. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆ మాట మొదటిసారి మా ఇంట్లో మా గురించే అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఏడుపు రావాలి. కనీసం ఆ పెద్దమనిషి మీద కోపమైనా రావాలి. రాలేదు. ఆ ఆఫీసు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కిటికీ పక్కన ఏ బల్ల దగ్గర కూర్చుంటే బాగుంటుందో ఆలోచన వచ్చింది. వేడి చాయ్ చేతిమీద ఒలికింది. అమ్మ కంగారుగా నా చేయి కుళాయి కింద పెట్టింది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, నాన్న గురించే అనుకుంది.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. నాన్న మళ్ళీ ఆఫీసు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మూడో అంతస్తు. లిఫ్టు ఉన్నా లేనట్టే. అమ్మ ఒకరోజు తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు ఇంగ్లీషుల మంచిగ రాస్తవు గద. వాలంటరీకి అర్జీ రాయి. సంతకం నేను పెట్టిపిస్త."

"రాస్తనే అమ్మా," అన్నాను. రాయలేదు. రేపు టెస్ట్ ఉందన్నాను. నమూనా దొరకలేదన్నాను. నాన్న అల్మారాలో అలాంటి నమూనాలు కట్టలు కట్టలు ఉన్నాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి నా అబద్ధం చెల్లింది. నెలన్నరపాటు ఆ కాగితం నా పుస్తకాల్లో తెల్లగానే ఉంది.

ఒక మధ్యాహ్నం రెండో అంతస్తు దగ్గర నాన్న మెట్లమీద పడిపోయాడు. సూపరింటెండెంటే ఆటోలో దవాఖానకు తీసుకొచ్చాడు. నేను కోచింగ్ నుంచి పరుగెత్తుకుంటూ పోయేసరికి ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంది. ఆయన ఇక లేవడనే అనుకున్నాను. అప్పుడు నాకు పట్టిన భయంలో ఏ ఉద్యోగమూ లేదు. ఆ ఒక్క సంగతి తలుచుకునే ఇప్పటికీ కాస్త ఊపిరి పీల్చుకుంటాను.

ఇంటికి రాగానే అర్జీ రాశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. నాన్న లేచి కూర్చునేలా అయ్యాక ఆయన ముందు పెట్టాను.

అద్దాలు పెట్టుకుని ఆఫీసు కాగితం చూసినట్టే మొత్తం చదివాడు. "మంచిగ రాసినవ్. ఒక్క తప్పు లేదు," అన్నాడు. మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

"సంతకం పెట్టు నాయినా."

"నువ్వు నౌకరి కొట్టిన నాడు పెడ్త."

"నోటిఫికేషనే వస్తలేదు. ఎట్ల కొట్టాలె?"

"వస్తది. రాష్ట్రమొస్తే అన్నీ వస్తయి. గంతదాక నేను సర్వీసుల ఉంట. నీకు ఏదో ఒక దిక్కు నుంచి దొరకాలె గద బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. "నాకొద్దు. నువ్వు చస్తే వచ్చే నౌకరి నాకొద్దు!" అని అరిచాను. అమ్మ పరుగెత్తుకొచ్చి నా వీపుమీద ఒక్కటి వేసింది. నాన్న మాత్రం నవ్వాడు. నా అరుపులో నిజమెంతో, కానిదెంతో ఆయన లెక్క ఆయనకుంది. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు. అర్జీ ఏమైందో నేను అడగలేదు.

నోటిఫికేషన్ రాలేదు. రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు లేచాయి. బంద్‌లు, రాస్తారోకోలు, రేపో మాపో అనే వార్తలు. నాన్న దవాఖానకు, ఆఫీసుకు, ఇంటికి తిరుగుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఆయన పని సగం సూపరింటెండెంటే చేసేవాడు. ఏటా రెండుసార్లు ఇక అయిపోయిందనిపించేది. మళ్ళీ లేచేవాడు. ఆయన లేచిన ప్రతిసారీ నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. పెట్టుకుంటూ, రిటైర్మెంట్ ఇంకా ఎన్ని నెలలుందో మనసులో అనుకునేదాన్ని. అనుకోకుండా ఉండటం నా చేతకాలేదు.

రాష్ట్రం రావడానికి కొద్ది రోజుల ముందు నాన్నకు యాభై ఎనిమిది నిండాయి. శాలువా కప్పి, మెడలో దండ వేసి, సూపరింటెండెంటు తన కారులో దింపాడు. "మీ నాన్న మొండివాడమ్మా. అందరి నోళ్ళూ మూయించాడు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ దిష్టి తీసింది. సందులో వాళ్ళందరికీ మిఠాయి పంచింది.

అందరూ వెళ్ళిపోయాక నాన్న మంచంమీద కూర్చున్నాడు. పాదాలు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగాయి. నేను కింద కూర్చుని విప్పుతున్నాను.

"మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు.

"దేనికి నాయినా?"

"మొత్తం సర్వీసు అయిపోయింది. నీకు నౌకరి ఇయ్యకపోతి."

బతికినందుకు మా నాన్న నన్ను క్షమించమంటున్నాడు. 'అవేం మాటలు నాయినా' అని ఆ క్షణంలోనే అనాల్సింది. ఎవరి కూతురైనా అంటుంది. నేను తల దించుకుని పట్టీ లాగుతూ ఉండిపోయాను. తర్వాత అన్నాను, ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తూ చాలాసార్లు అన్నాను. కానీ అప్పటికే ఆయన నా తలమీద చెయ్యి వేసి, "తెల్సు బిడ్డా, తెల్సు," అన్నాడు.