మెల్లబడిన డిస్కో

యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న రోజుల్లో నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. మేం డిస్కో మొదలుపెడితే మెస్సులో వండేవాళ్లు కూడా వచ్చి ఎగిరేవారు. అందరికంటే బాగా ఆడేవాడు నా రూమ్మేట్.

ఇప్పటికీ ఏడాదికోసారి క్యాంపస్‌లో కలుస్తాం. వినేవాళ్లం, ఆడేవాళ్లం మేమే. ఒకరికి మోకాళ్లు, ఇంకొకరికి నడుము. ఏటా ఎవరో ఒకరు కాస్త స్పీడు తగ్గించమంటారు. నేను తగ్గిస్తూ వచ్చాను. పోయినేడు సగంమంది కుర్చీల్లోంచే చప్పట్లు కొట్టారు.

ఈసారి మొదలుపెట్టబోతుంటే రూమ్మేట్ భార్య స్టేజీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈయనకు మొన్ననే స్టెంట్ వేసిన్రు. ఆడొద్దంటే ఇంటలేడు. జర మెల్లగ కొట్టు. నేను చెప్పిన్నని మాత్రం అనకు."

సరేనని మెల్లగా మొదలుపెట్టాను. రూమ్మేట్ రెండు అడుగులు వేసి ఆగిపోయాడు.

"ఏందిరా, భజన కొడుతున్నవా? మన స్పీడ్‌ల కొట్టు."

"చేతులు లేస్తలేవురా" అన్నాను.

వాడి ముఖం మారిపోయింది. స్టేజీ ఎక్కి, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. వాడు కూర్చోవడం చూసి మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే కూర్చున్నారు. ఖాళీ నేల ముందు పాట పూర్తయ్యేదాకా అలాగే వాయించాను.

తిరిగి వెళ్తూ ఆటోలో వాడు నా మణికట్టు పట్టుకుని నొక్కుతూ వచ్చాడు.

"తార్నాకల మంచి ఎముకల డాక్టరున్నడు. రేపు నేనే తీస్కపోతా" అన్నాడు.

వాడి భార్య బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.