అడగకుండా తీసుకున్న గొంతు

ఏళ్లపాటు కోరస్ పాడిన ఆవిడ, పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను బొమ్మల పుస్తకం చూసి నేర్చుకుంటోంది. కళ్లద్దాలు నుదుటికి నెట్టి, బొమ్మలోని ఎర్ర బాణాన్ని వేలితో తడిమి, అది చూపే గుర్తును తెరమీద వెతుకుతుంది. దొరక్కపోతే పుస్తకం రాసినవాణ్ణి దులిపేస్తుంది. ఆ రోజు బాణం చూపినట్టే ‘ఆడగొంతు’ అన్నచోట నొక్కింది. కంప్యూటర్ ‘ఆ’ అని పలికింది. కూరలు తరుగుతున్న కోడలు చెయ్యి ఆపింది.

“అత్తయ్యా, అది మీ గొంతే కదా?”

ఆవిడదే. మైకు సరిచూడాలంటూ స్టూడియోలో ఎప్పుడో పాడించుకున్న ఆలాపన. వెంటనే స్టూడియో యజమానికి ఫోన్ చేసింది.

“సాఫ్ట్‌వేర్ వాళ్లకిచ్చేముందు నన్నొక్క మాట అడగొద్దూ?”

“ఎక్కడెక్కడో మోగుతోందమ్మా మీ గొంతు. సంతోషించండి.”

ఒళ్లు మండి మీటలన్నీ వరసగా నొక్కింది. ఏది నొక్కినా ఆ గొంతు ‘ఆ’ అంటూనే ఉంది. వద్దనే మాట దానిచేత ఎవరూ పాడించలేదు. పుస్తకంలో రికార్డింగు పేజీ తీసి, మైకు దగ్గరికి లాక్కుని, “వద్దు” అంది ఆవిడ.