పునీతుడి ముఖం కడిగిన రోజు

మొన్న ధర్మవరంలో మా పాప స్కూల్లో ఎవరో పాత స్టాంపుల ఆల్బమ్ ప్రదర్శనకు పెట్టారు. ముఖాల మీద పోస్టు ముద్రలు పడిన ఆ స్టాంపులను చూడగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

హిందూపురం కాన్వెంటులో నేను మూడో తరగతి చదివేటప్పుడు, మాకు పాఠాలు చెప్పే సిస్టర్ ఒక క్రైస్తవ పునీతుడి కథ చెప్పింది. ఆయన కుష్ఠు రోగులుండే దీవికి వెళ్ళి, వాళ్ళ పుండ్లు కడిగి, కట్లు కట్టి, చివరికి ఆ జబ్బుతోనే పోయాడట. ఆయన బొమ్మ ఉన్న స్టాంపు నాకిచ్చి, "ఇంట్లో చూపించి రేపు తీసుకురా" అంది. ముద్ర తాలూకు నల్లటి మచ్చలు ఆయన చెంప మీద పడ్డాయి. అవి పుండ్లే అనుకున్నాను.

కథంతా విని మా అవ్వ, "అందరివీ ఆయప్ప కడిగినాడు సరే, ఆయప్పవి ఎవురు కడిగినారు మే?" అంది.

నాకు ఏడుపొచ్చింది. గిన్నెలో సబ్బునీళ్ళు కలిపి వేలితో మెల్లగా రుద్దాను. మచ్చలతోపాటు ముఖం కూడా పొరగా లేచిపోయింది.

మర్నాడు సిస్టర్ ఆ స్టాంపును వెలుతురుకు పెట్టి చూసింది. "మీ దేవుడు కాదని గీకేశావా?" అని మెల్లగా అడిగింది.

పుండ్లు కడిగానంటే క్లాసంతా నవ్వుతుందని తల దించుకున్నాను.

"పోనీలే, కూర్చో" అని ఆమె నా తల నిమిరింది.

ఆ వేసవిలో ఆమెకు పెనుకొండ బదిలీ అయింది. పెనుకొండ ఎంత దూరమని? అయినా పోయి చెప్పలేదు. తెలివితక్కువ పిల్ల అనిపించుకోలేక, ద్వేషంతో చేశానని ఆమెను నమ్మనిచ్చాను.