మన సిలిండరు

ఎదుటివాళ్ల వస్తువులన్నీ ఆయనకు 'మన'వి. పక్కింటి నిచ్చెన మన నిచ్చెన. ఎదురుకొట్టువాడి టెంపో మన టెంపో. ఇంకొకడు చదువుతున్న పేపరు మన పేపరు. తనవి మాత్రం నావి. నా కొట్టు, నా కారు, నా నడుంనొప్పి. అందుకే ఆ వీధిలో ఆయన్ని 'మనగారు' అంటారు. ఎదురుగానే అంటారు. ప్రేమకొద్దీ పెట్టుకున్న పేరని ఆయన నమ్మకం.

మనుషుల విషయంలో కూడా అంతే. భార్య తమ్ముడు ఏదైనా మంచిపని చేస్తే మనవాడు. ఏదైనా పాడుచేస్తే మీ తమ్ముడు.

టైల్సు అమ్ముతాడు. కొట్టు ముందుభాగంలో జనం చూడడానికి ఒక బాత్రూం కట్టించాడు. తళతళలాడుతుంది. కుళాయి తిప్పితే నీళ్లు రావు. ఆయన గురించి తెలుసుకోవాలంటే అది చూస్తే చాలు, కానీ కథ చెప్పుకుంటున్నాం కాబట్టి ఇంకొంచెం ఓర్చుకోవాలి.

ఆదివారాలు ఆయన గుహలో దిగుతాడు. మూతపడిన రాతిక్వారీ అడుగున నీళ్లు నిండిన గుహ ఒకటుంది. లోపల ఒక వాలు, వాలు కింద పెద్ద గది, గది చివర ఇరుకు సందు. ఆ సందు దాటి ఎవరూ పోలేదు. తాను పోవాలని ఆయన కోరిక. పోవడం కంటే, పోయివచ్చాక కొట్టులో కాలుమీద కాలేసుకుని చెప్పడం ఇంకా పెద్ద కోరిక.

అంత లోతుకు దిగేవాళ్లు వీపున రీబ్రీదర్ అనే యంత్రం కట్టుకుంటారు. వదిలిన ఊపిరినే అది తిప్పి మళ్లీ ఇస్తుంది. లోపలి డబ్బాలో సున్నపు గుళికలు ఊపిరిలోని చెడుగాలిని లాగేసుకుంటాయి, తగ్గిన ఆక్సిజన్ని యంత్రం కలుపుతుంది. చప్పుడు లేదు, బుడగలు లేవు. అది చెడిందా, ఇక అందులోంచి ఒక్క ఊపిరి పీల్చకూడదు. పైకి లేద్దామంటే నెత్తిమీద రాయి. అందుకని ప్రతి మనిషీ పక్కన వేరే సిలిండర్లు తగిలించుకుని పోతాడు. వాటిని బెయిలౌట్ అంటారు. యంత్రం చచ్చినా మనిషి చావకుండా గుహ గుమ్మం దాకా తెచ్చే గాలి అది. జీవితమంతా మోసి, ఒక్కసారి కూడా వాడకుండా తిరిగి తెచ్చుకోవాలని కోరుకునే బరువు.

అలాంటి బరువంటే మనగారికి గిట్టదు.

ఆయనతో దిగేది బావమరిది. పంపుల మెకానిక్. చిన్నప్పుడే అక్క వెంట ఆ ఇంటికి వచ్చాడు, ఆ బావ దగ్గరే ఈత నేర్చాడు. బావకు ఎదురు చెప్పడం వాడికి చేతకాదు. చెప్పవలసి వచ్చినప్పుడల్లా ముక్కు తుడుచుకుంటాడు. మాట్లాడవలసిన చోట ముక్కు తుడుచుకునేవాళ్లు ఉన్నంతకాలం మనగార్లకు ఏ లోటూ ఉండదు.

సందులోకి పోదామనుకున్న వారం, శుక్రవారం సాయంత్రం, బావమరిది ముందుగదిలో తన సిలిండర్లు నేలమీద వరసగా పడుకోబెట్టాడు. అడుగున పీల్చే పెద్దది ఒకటి. దారిమధ్యలో పీల్చేది ఒకటి. గుమ్మం దగ్గర ఆగి పీల్చే ఆక్సిజన్ది చిన్నది ఒకటి. ఒకచోట పీల్చవలసింది ఇంకోచోట పీల్చకూడదు. ఆక్సిజన్ని లోతులో పీలిస్తే మూర్ఛ వస్తుంది. నీళ్లలో మూర్ఛ వచ్చినవాడి గురించి ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ప్రతిదాని పొట్టమీదా అది ఎంత లోతు వరకు పనికొస్తుందో పెద్ద అంకెలతో రాస్తారు. బురదలో కనపడాలి. భయంలో కూడా కనపడాలి. బావమరిది తనవాటి మీద రాసుకున్నాడు. బావవి బోసిగా ఉన్నాయి.

"నీవాటి మీద కూడా వెయ్యి బావా. పెన్ను ఇదిగో."

"ఎందుకురా? ఏది ఏదో మనకి తెలుసుగా."

"ఇక్కడ తెలుసు. అక్కడికెళ్లాక తెలీదు."

"నీకు తెలీదు. నీకు చెడ్డీ వేసుకోవడం రానప్పట్నుంచీ దిగుతున్నాన్రా నేను."

మూలన కుట్టుమిషను ఆగింది. సిలిండర్లకు గొట్టాలు వేలాడకుండా పట్టి ఉంచే పట్టీలు కుడుతోంది అక్క. "ఈయన చెడ్డీ ఎక్కడుందో ఈయనకి తెలీదురా. ఇప్పటికీ నేనే తీసివ్వాలి," అంది. మిషను మళ్లీ కదిలింది.

బావమరిది నవ్వు ఆపుకుని బావ తెచ్చుకున్న చిన్న సిలిండరును ఎత్తి చూశాడు. "లోతుకి ఇదా బావా? పాలడబ్బాలా ఉంది."

"తేలిక. సందులో ఒంటికి తగలదు."

"ఎంతసేపొస్తుంది?"

"నా ఊపిరి నిదానం. వస్తుంది చాలాసేపు."

"నిదానంగా ఉంటే దీంతో పనేముంది? ప్రాణంమీదికొచ్చినప్పటి ఊపిరితో కదా లెక్క వేసుకోవాలి."

"ప్రాణంమీదికి ఎందుకొస్తుంది?"

ఆయన నిజంగానే అడిగాడు. అంత లోతులో ఒక్కో ఊపిరి, పైన తీసుకునే అరడజను ఊపిర్లంత గాలి తింటుంది. చెడుగాలి తలకెక్కినవాడు ఎండలో కుక్కలా రొప్పుతాడు. ఇవన్నీ ఆయనకు తెలుసు. తెలిసినవన్నీ ఇంకొకరికి జరిగేవని ఆయన లెక్క.

"పెద్దవి ఎవరివి వాళ్లం తగిలించుకుంటే సందులో పట్టం. వాలు కింద మన సిలిండరు పెట్టేస్తాను. చిన్నవాటితో లోపలికి పోయొద్దాం. వచ్చేటప్పటికి అది అక్కడే ఉంటుంది," అన్నాడు.

"మన అంటే?"

"మన అంటే మనరా. తెలుగు రాదా?"

బావమరిది ముక్కు తుడుచుకున్నాడు. తనదీ బావదీ రెండూ పెడతాడని అనుకున్నాడు. బావకూ పెద్ద సిలిండరు ఒకటుంది. టైల్సుకొట్టు అద్దం తలుపు గాలికి మూసుకోకుండా అడ్డం పెట్టి ఉంటుంది.

మూడోవాడు పళ్ల డాక్టరు. ఆయనకూ మనగారు ఫోనులో అదే మాట చెప్పాడు. "వాలు కింద మన సిలిండరు ఉంటుందండీ డాక్టరుగారూ. మీరు అనవసరంగా పెద్దది మోసుకురాకండి." తనకోసం ఒకటి తెప్పించి పెడుతున్నాడనుకున్నాడు డాక్టరు. ఎవరూ అడగకుండా మనగారు ఎవరికీ ఏమీ తెప్పించిన దాఖలా లేదు. అయినా నమ్మాడు. మోయక్కర్లేదని చెప్పేవాణ్ణి చదువుకున్నవాడు కూడా నమ్ముతాడు.

శనివారం బావమరిది పంపు బాగుచేయడానికి వెళ్లాడు. మనగారు కొట్టును భార్యకు అప్పగించి, ముందుగదిలోంచి బావమరిది పెద్ద సిలిండరును తీసుకుపోయి వాలు కింద పెట్టి వచ్చాడు. తనది తీసుకెళ్లలేదు. తీస్తే తలుపు కొట్టుకుంటుంది.

ఒక మాట. ముగ్గురు మనుషులు. ఒక సిలిండరు.

ఆదివారం క్వారీ ఒడ్డున యంత్రాలు సర్దుకుంటున్నారు.

"సున్నం మార్చావా బావా?"

"నిన్ననేగా పోసింది. మనకి ఇంకా పనికొస్తుంది."

మనకి కాదు, నీకు, అనబోయాడు బావమరిది. చెయ్యి ముక్కుమీదికి పోయింది. మాట ఆగిపోయింది.

దిగారు. ముందు మనగారు, వెనక డాక్టరు, చివర బావమరిది. దారి తప్పకుండా కట్టిన తాడు పట్టుకుని వాలు దిగారు. అడుగున లైటు వెలుగులో సిలిండరు కనిపించింది. నిలబెట్టి ఉంది. పొట్టమీద అంకెలు బావమరిదివి. పట్టీ కుట్టు అక్కది. బావమరిది రాయి వెనక వెతికాడు. తాడు అవతల వెతికాడు. డాక్టరు కూడా లైటు అటూ ఇటూ తిప్పాడు. ఇంకోటి లేదు.

మనగారు అప్పటికే సందు దగ్గర ఉన్నాడు. వెనక్కి చూశాడు. బావమరిది ఆ సిలిండరును చూపించి ఒక వేలు ఎత్తాడు. ఒకటేనా?

మనగారు లైటు వెలుగులో చెయ్యి చాపి, నీకు, నాకు, ఆయనకు అన్నట్టు ముగ్గురి చుట్టూ ఒక సున్నా చుట్టాడు. నీళ్లలో మాట వినపడదు. ఆ మాట వినపడింది.

నీళ్లలో దిగేవాళ్లందరికీ ఒకే నియమం. ఎవరైనా బొటనవేలు పైకెత్తితే అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు. చిన్నా పెద్దా లేదు, బావా బావమరిదీ లేదు. నియమం అందరికీ తెలుసు. ఆ ఇంట్లో పెరిగినవాడు ఆ బావ ముందు వేలెత్తడం వేరే సంగతి. ఎత్తితే జీవితమంతా వినాలి. ఎత్తకపోతే, ముగ్గురూ సందులో ఉండగా ఏ ఒక్క యంత్రం చెడినా, ఎవరు బతకాలో ఆ ఒక్క సిలిండరు దగ్గర తేల్చుకోవాలి. తేల్చేది ఎవరో వాడికి తెలుసు. దిగక ముందే తన సిలిండరు తనది కాకుండా పోయింది.

చెయ్యి అలవాటుగా ముక్కు దగ్గరికి పోయింది. మాస్కు అడ్డం వచ్చింది. తుడుచుకోవడానికి ముక్కు దొరకలేదు.

బొటనవేలు ఎత్తాడు.

ఆ మరుక్షణం డాక్టరు కూడా ఎత్తాడు. ఇంకొకడు ముందు ఎత్తాలని అంతసేపూ చూస్తున్నాడు, పాపం. మనగారు లైటు కోపంగా ఊపాడు. సందువైపు చూపించాడు. చేతులు తిప్పాడు. బావమరిది వేలు దిగలేదు. కొట్టులో అయితే ఆయన గెలిచేవాడు. నీళ్లలో అరవడానికి వీల్లేదు.

కోపంతో ఊపిరి పెరిగింది. నిన్నటి సున్నానికి అంత ఊపిరి కడిగే ఓపిక లేదు. తిరిగి వస్తూ గది మధ్యలోనే ఆయన రొప్పడం మొదలుపెట్టాడు. తల పగిలిపోతున్నట్టు పట్టుకున్నాడు. యంత్రం వదిలి ఆ పాలడబ్బా సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. పెద్ద సిలిండరు ఉన్నచోటికి వచ్చేసరికి పాలడబ్బా ఖాళీ. నిదానమైన ఊపిరి కదా.

బావమరిది తన పెద్ద సిలిండరు గొట్టం తీసి బావ నోటికి అందించాడు. దాన్ని ఆయన పక్కకు తగిలించి, చెయ్యి పట్టుకుని వాలు ఎక్కించాడు. గాలి ఎంతుందో చూపించే ముల్లు పడిపోతూ వచ్చింది. వాలు నడుమ మార్చుకోవలసిన చోట మనగారు తన సిలిండర్లలో చేతికందినదాని గొట్టం లాక్కున్నాడు. బోసి సిలిండరు. ఏది ఏదో ఆయనకు తెలుసుగా. బావమరిది ఆ చేతిమీద ఒక్కటి కొట్టి, తన అంకెలున్న దారిమధ్య సిలిండరు గొట్టం ఆయన నోట్లో పెట్టాడు. తర్వాత ఒడ్డున విప్పి చూస్తే ఆయన లాక్కున్నది ఆక్సిజన్.

పైకొచ్చాక మనగారు రాతిమీద బోర్లాపడి వాంతి చేసుకున్నాడు. చాలాసేపటికి కూర్చున్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"చూశారా? మన సిలిండరు పెట్టాను కాబట్టి సరిపోయింది," అన్నాడు.

డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ ఆయనవైపు చూడకుండా అన్నాడు. "నోరు తెరవమని చెప్పడమే నేర్పారండీ మాకు. మూయమని చెప్పడం నేర్పలేదు."

ఇంటికొచ్చాక మనగారు కుర్చీలో కూలబడ్డాడు. "మీ తమ్ముడు బెదిరిపోయాడే. లేకపోతే ఈపాటికి సందు దాటేసి ఉండేవాణ్ణి," అన్నాడు భార్యతో.

ఆమెకు తమ్ముడు జరిగింది అప్పటికే చెప్పాడు. ఆమె మిషను ఆపలేదు. "అవునండీ, మావాడు పిరికివాడు. అందుకే మీరు కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు," అంది.

ఆయనకు అది పొగడ్తో కాదో తేలలేదు. అనుమానం వచ్చినచోట పొగడ్త అనుకోవడం ఆయన పద్ధతి.

బావమరిది తన సిలిండర్లన్నీ ఎత్తుకుపోయి పంపుల షెడ్డులో పెట్టి తాళం వేసుకున్నాడు. మళ్లీ వారాంతం వస్తుండగా మనగారు ఆ షెడ్డుకు వెళ్లాడు. వాడు ఒక మోటారు విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"మన సిలిండరు ఏదిరా? ఆదివారం సందులోకి పోదాం. ఈసారి భయపడకు."

వాడి రెండు చేతులకూ గ్రీజు. ముక్కు ముట్టుకునే వీలు లేదు.

"నాది నా దగ్గరుంది బావా. నీది తలుపు దగ్గరుందిగా," అన్నాడు.

నాది అనే మాట ఇంకొకరి నోట వినడం మనగారికి అలవాటు లేదు. వాడు బావా అని కూడా అన్నాడు కాబట్టి తిట్టినట్టు లేదు. తిట్టి ఉంటే ఇంటికెళ్లి భార్యతో చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.

"సరేలే. మన డాక్టరుగారి దగ్గర ఉంటుంది," అని అక్కణ్ణుంచే ఫోను చేశాడు. డాక్టరు ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బావమరిది మోటారులోంచి ఒక బోల్టు తీసి గుడ్డమీద పెట్టాడు.

మనగారు కొట్టుకు తిరిగొచ్చాడు. తలుపు దగ్గర వంగి తన సిలిండరును రెండు చేతులా పట్టుకున్నాడు. మోకాలి దాకా లేపాడు. బరువుగా ఉంది. వెనక తలుపు గాలికి కదిలింది. అమ్మో, అద్దం పగులుతుంది అనుకుని మళ్లీ అక్కడే దించేశాడు.