బొట్టు పెట్టిన వాల్వులు

అరవైల్లో సూర్యాపేట బజారులో నాకు మైకుసెట్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఓసారి దసరా అయిన మర్నాడు మిర్యాలగూడ రైసుమిల్లు సావుకారు తన ఆంప్లిఫైరును బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిండు. ఆన్ చేస్తే ఒకటే చిటపట. మూత విప్పి చూస్తే లోపల ఒక్కో గాజు వాల్వుకు ఒక్కో కుంకుమ బొట్టు. మిల్లులో ఇంజనుకు, కాంటాకు పూజ చేసినట్టే దీనికీ చేసి పసుపునీళ్లు చల్లిండట. ఆ పసుపు వాల్వుల కాళ్లు దిగే రంధ్రాల్లోకి పోయి గడ్డకట్టింది.

సావుకారు ఎదురుగా హోటల్లో కూర్చుంటే, నేను పొద్దంతా స్పిరిటుతో ఆ పసుపు కడిగిన. అయిపోయినంక దుకాణం మీది హారన్ స్పీకరుకు తీగ తగిలించి, స్విచ్చేసి, మైకు పట్టుకున్న. వాల్వులు వేడెక్కందే మాట రాదు, అర నిమిషం ఆగాలని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పేది నేనే. కానీ నాకు ఓపిక తక్కువ. రెండుసార్లు హలో అన్న, పలకలేదు. ఒళ్లు మండింది.

"పొద్దంతా నా పాణం తీసిండు" అని మొదలుపెట్టిన. అంతలో వాల్వులు వేడెక్కినయి. "ఈ మిర్యాలగూడ సావుకారు తలకాయల తవుడు తప్ప ఏం లేదు" అన్న మిగతా మాట బజారంతా మోగింది.

సావుకారు చాయ్ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా రోడ్డు దాటి వచ్చిండు.

"చిటపట పోయింది. తవుడన్న మాట మస్తు సాఫ్‌గ వినపడ్డది. ఇగ మూత బిగియ్యి, బస్సుకు పోవాలె" అన్నడు.